మేనేజరే పాటలకీ ఓనరైతే?

ప్రశ్న: మా నలుగురికీ ఒక రాక్ బ్యాండ్ ఉంది, హైదరాబాద్ పబ్బుల్లో, కాలేజీ ఫెస్టుల్లో వాయిస్తాం. ఇండస్ట్రీలో బాగా పలుకుబడి ఉన్న ఒకాయన రూ.6 లక్షల అడ్వాన్సు ఇచ్చి అయిదేళ్లు మేనేజర్‌గా ఉంటానంటున్నారు. షోల మొత్తం వసూళ్లలో 25 శాతం ఆయనకి, పాటల హక్కులు ఆయన కంపెనీకి. బ్యాంకు ఖాతా కూడా ఆయనే చూస్తారట. ఉద్యోగం మానేసి సంతకం పెట్టేయనా? నెలకి రూ.22 వేల ఈఎంఐ ఉంది.

జవాబు: ఉన్నది ఉన్నట్టుగా అయితే పెట్టకండి. ఆయన మంచివాడా కాదా అన్నది పక్కన పెడదాం, మీ తరఫున బేరమాడాల్సిన మనిషే అవతలి పార్టీ కూడా అయితే మీ గోడు ఎవరికి చెప్పుకుంటారు?

1972లో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సరిగ్గా ఇదే చేశాడు, మేనేజ్‌మెంట్, ప్రొడక్షన్, పబ్లిషింగ్ (అంటే పాటల హక్కులు) మూడూ తన మేనేజర్ మైక్ అపెల్ కంపెనీకే రాసిచ్చాడు. అపెల్ పనికిరాని మనిషేం కాదు, కొలంబియా రికార్డ్స్‌లో కొత్త గాయకుల్ని వెతికిపట్టే జాన్ హామండ్ దగ్గర ఆడిషన్ ఇప్పించింది ఆయనే. 1975 అక్టోబరులో టైమ్, న్యూస్‌వీక్ పత్రికలు రెండూ ఒకే వారం స్ప్రింగ్‌స్టీన్‌ని ముఖచిత్రంగా వేశాయి, మరుసటి ఏడాదికి ఆయన, అపెల్ ఇద్దరూ కోర్టులో ఉన్నారు. స్ప్రింగ్‌స్టీన్‌కి తనకి నచ్చిన ప్రొడ్యూసర్ జాన్ లాండావ్‌తో స్టూడియోకి వెళ్లే వీల్లేకుండా పోయింది, 1977 మేలో రాజీ కుదిరేదాకా. ఎల్విస్ ప్రెస్లీ సంగతి ఇంకా దారుణం, 1973లో పాత రికార్డింగుల రాయల్టీలని రికార్డు కంపెనీ ఆర్‌సీఏకి 54 లక్షల డాలర్లకి వదిలేస్తే అందులో సగం మేనేజర్ కల్నల్ పార్కర్‌కే పోయింది.

ఇక మీ లెక్క. షోకి 2 లక్షలు వచ్చి, సౌండు, వ్యాను, హోటలు కలిపి 1.4 లక్షలు ఖర్చయిందనుకోండి. మొత్తం మీద 25 శాతం అంటే ఆయనకి 50 వేలు, మీకు మిగిలేది 10 వేలు, తలా రెండున్నర వేలు! అదే ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో 25 శాతం అయితే ఆయనకి 15 వేలు, మీకు తలా 11,250. అందుకే ముందు ఆ ఒక్క మాట మార్పించండి. తలుపు తెరిపించినందుకు కమీషన్ ఇవ్వడంలో తప్పులేదు.

పాటల విషయంలో చట్టం కొంత మీ వైపే ఉంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడానికి లేదు, రాసిచ్చినా చెల్లదు. పాటల రాయల్టీలు వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. రికార్డింగు హక్కు మాత్రం వేరే సంగతి, దాన్ని అయిదేళ్ల తర్వాత మీకు తిరిగొచ్చేలా రాయించుకోండి.

బ్యాంకు ఖాతా మాత్రం అస్సలు వదలొద్దు. బ్రిటిష్ గాయకుడు స్టింగ్ అంతటివాడి దగ్గరే సొంత అకౌంటెంటు 60 లక్షల పౌండ్లు కాజేసి 1995లో జైలుకెళ్లాడు. సంతకాలు మీలో ఇద్దరివి ఉండాలి, మేనేజర్ బిల్లు పంపితే మీరు చెల్లించాలి.

ఉద్యోగం సంగతంటారా, ఆ ఆరు లక్షలు తర్వాత మీ రాయల్టీలోంచే కోసుకుంటారు, ఊరికే రావు. నలుగురికీ పంచితే మీ వాటా లక్షన్నర, టీడీఎస్ కూడా పోతే ఆరు నెలల ఈఎంఐకి సరిపోతుంది, తిండికి కాదు. ఒప్పందాన్ని కాపీరైట్ కేసులు చూసే లాయరుకి చూపించండి, ఆయన తెచ్చే లాయరుకి కాదు. రాజీనామా లెటరు అప్పటిదాకా డ్రాఫ్ట్స్‌లోనే ఉండనివ్వండి.