ఎర్ర రక్తం లేని చేప ఉంటుందా? ఉంటే ఎలా బతుకుతుంది?

ఉంది. అంటార్కిటికా ఐస్‌ఫిష్‌ల రక్తంలో హిమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ను మోసే ఎర్రటి ప్రొటీన్) లేదు, అందుకే దానికి రంగూ లేదు. వీటిలో బాగా అధ్యయనం చేసింది బ్లాక్‌ఫిన్ ఐస్‌ఫిష్‌ను. సౌత్ జార్జియా దీవి, అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర సముద్రపు అడుగున ఉంటుంది. మొప్పలు కూడా పాలిపోయి తెల్లగా ఉంటాయి. నార్వే శాస్త్రవేత్త యోహాన్ రూడ్ 1954లో దీని రక్తాన్ని పరీక్షించి వివరాలు ప్రచురించాడు.

నీళ్లు ఎంత చల్లగా ఉంటే వాటిలో ఆక్సిజన్ అంత ఎక్కువ కరుగుతుంది. అక్కడి నీరు మైనస్ 1.9 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఆ ఆక్సిజన్ నేరుగా ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) కరిగి ఒంట్లోకి చేరుతుంది. కానీ ఇలా మోయగలిగేది ఎర్ర రక్తపు చేపలతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. ఆ లోటు పూడ్చడానికే పెద్ద గుండె, వెడల్పాటి రక్తనాళాలు, అంతే బరువున్న మిగతా చేపల కంటే ఎక్కువ రక్తం. పైగా ఎక్కువగా కదలకుండా అడుగున పడుంటుంది. హిమోగ్లోబిన్ పోవడం దీనికి మేలు చేసిందని కొందరు రాస్తుంటారు. గుండె మీద పడే భారం చూస్తే నాకలా అనిపించదు. హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువులు పోయాయి, చలి పుణ్యమా అని చేప బతికిపోయింది, అంతే.

అంత చలిలో రక్తం గడ్డకట్టదా అంటే, అందులోని యాంటీఫ్రీజ్ ప్రొటీన్లు మంచు స్ఫటికాలకు అంటుకుని వాటిని పెరగనివ్వవు. అసలు చిక్కు వేడితోనే: నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు దాని అవసరం మాత్రం పెరుగుతుంది.