అప్పులకు రాజ్యాంగం హద్దు పెట్టిందా?

ప్రశ్న: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల అప్పులపై రోజూ వాదోపవాదాలు చదువుతున్నాను. ఇంతకు మించి అప్పు చేయరాదని రాజ్యాంగంలో ఎక్కడైనా ఉందా? రాష్ట్రం ఏటా ఢిల్లీ అనుమతి కోసం ఎందుకు ఎదురుచూడాలి?
– ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: అంకెల్లో అటువంటి పరిమితి రాజ్యాంగంలో లేదు. భారత సంచిత నిధి (కేంద్ర ప్రభుత్వ రాబడి అంతా చేరే ఖజానా) హామీపై అప్పు తెచ్చే అధికారాన్ని 292వ అధికరణం కేంద్రానికి ఇచ్చి, దానికి హద్దు విధించే పనిని పార్లమెంటుకు వదిలిపెట్టింది. పార్లమెంటు ఆ పని శ్రద్ధగా చేస్తుందన్న ఆశాభావాన్ని 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ వ్యక్తం చేశారు. చెప్పుకోదగిన చట్టం మాత్రం 2003లో గాని రాలేదు. ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టమనే ఆ చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం, 2024-25 ముగిసేనాటికి కేంద్రం అప్పు స్థూల దేశీయోత్పత్తిలో 40 శాతం దాటకుండా చూడాలి. గడువు ముగిసేనాటికి అది 50 శాతానికి పైనే ఉంది. 2031 మార్చి నాటికి సుమారు 50 శాతానికి దించుతామన్నది ఇప్పటి మాట. హద్దు దాటినవారే దాన్ని ముందుకు జరపగలిగితే అది హద్దు ఎలా అవుతుందో మాకు బోధపడదు.

రాష్ట్రాలకు ఈ వెసులుబాటు లేదు. 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం దేశం లోపలే అప్పు తేవాలి. పైగా కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం, లేదా కేంద్రం పూచీ పడిన అప్పు తీరనంతకాలం, కేంద్రం సమ్మతి లేకుండా కొత్త అప్పు చేయరాదు, ఆ సమ్మతికి కేంద్రం షరతులు పెట్టవచ్చు. మీ ఊరికి దగ్గరి ఉదాహరణే చూడండి: విశాఖపట్నం–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు అంతర్జాతీయ సంస్థ అయిన ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇచ్చిన రుణం కూడా, రాష్ట్రం దేశం బయట అప్పు తేలేదు గనుక, కేంద్రం ద్వారానే రావలసి వచ్చింది. పెట్టుబడి వ్యయం కోసం కేంద్రం 50 ఏళ్ల గడువుతో వడ్డీ లేని రుణాలు ఇస్తున్నది. వడ్డీ లేకపోవడం మేలే గాని, అటువంటి రుణం తీసుకున్న రాష్ట్రం అర్ధశతాబ్దం పాటు సమ్మతి నిబంధనకు లోబడి ఉండవలసిందే. రాష్ట్రాలకు తమ సొంత ద్రవ్య బాధ్యత చట్టాలు ఉన్నా (ఆంధ్రప్రదేశ్ చట్టం 2005 నాటిది), ఏటా ఎంత తేవచ్చో ఆచరణలో తేల్చేది ఈ సమ్మతే.

అసలు తగాదా ఆ లెక్క దగ్గరే ఉంది. ప్రభుత్వ కార్పొరేషన్ల పేరిట తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చే అప్పులను కూడా కేంద్రం 2022 నుంచి రాష్ట్ర పరిమితిలోనే కలుపుతోంది. దాపరికాన్ని అరికట్టడానికి ఇది అవసరమేనని మా అభిప్రాయం. కానీ కేంద్రం కూడా తన సంస్థల అప్పులకు అదే కొలత వాడాలి. కార్పొరేషన్ల అప్పులను ఇలా కలపడాన్ని కేరళ సవాలు చేస్తూ, కేంద్ర–రాష్ట్ర వివాదాలను నేరుగా సుప్రీంకోర్టుకు తెచ్చే వీలు కల్పించే 131వ అధికరణం కింద దావా వేయగా, సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 1న మధ్యంతర ఊరటను నిరాకరించి, 293వ అధికరణం కింద రాష్ట్రాలకు ఏ మేరకు స్వేచ్ఛ ఉందన్న ప్రశ్నను ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.