ఆ అక్కని ఎక్కడ వదిలేశావు?

అమ్మాయీ,

ఆ సినిమాని సిరీస్‌గా మారుస్తూ నువ్వు రాసి పంపిన మూడు ఎపిసోడ్లూ చదివాను. రెండోదాంట్లో హీరో అప్పు కోసం అక్క దగ్గరికొస్తాడు. అతను నోరు తెరవకముందే ఆవిడ కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా "ఈసారి ఎంత?" అంటుంది. అక్కడ కాసేపు ఆగిపోయాను. సినిమాలో ఆ అక్కకి ఉన్నవే రెండు సీన్లు, రెంటిలోనూ ఏడుపే. ఎన్నేళ్లుగా ఇస్తోందో, ఎంత విసిగిపోయిందో నువ్వు రెండు మాటల్లో తేల్చేశావు. తీరా మూడో ఎపిసోడ్‌కల్లా ఆవిణ్ణి మాయం చేసి, హీరోకి ఇంకో ఫైటూ ఇంకో శత్రువునీ అంటగట్టావు. ఒళ్లు మండి రాస్తున్నాను.

సినిమా హీరోని సిరీస్‌లో సాగదీయకు. అతని పని రెండు గంటల్లో అయిపోయింది. సినిమా ఎవరికి టైమ్ ఇవ్వలేదో, ఎవరిని వాడుకుని వదిలేసిందో, సిరీస్ వాళ్ల దగ్గర మొదలవ్వాలి. ఈ మాట ఎవరు విన్నా వినకపోయినా నేను చెప్తూనే ఉంటాను.

యుద్ధంలో సైనిక ఆసుపత్రి మీద అమెరికా వాళ్లు తీసిన 'మ్యాష్' చూడు. 1970 నాటి సినిమాలో నర్సుల పెద్ద మేజర్ మార్గరెట్ హూలిహాన్ ఉన్నదే అందరూ ఏడిపించడానికి. ఆవిడ స్నానం చేస్తుంటే గుడారం లేపేసి, ఎదురుగా కుర్చీలేసుకుని మరీ నవ్వుతారు. 1972లో సిరీస్ మొదలైనప్పుడూ మొదట్లో ఆవిడ వెక్కిరింతకే పనికొచ్చింది. కానీ 11 సీజన్లు ఒకే వెక్కిరింత మీద నడవవు కదా. ఐదో సీజన్‌లో తన కింద పనిచేసే నర్సుల మీద అరిచి అరిచి, మీలో ఒక్కరైనా నాకో కప్పు కాఫీ ఇస్తామన్నారా అని అడుగుతుంది. అడిగేసరికి గొంతు పూడుకుపోతుంది. అంతదాకా ఆవిడకి స్నేహితులే లేరన్న సంగతి మనకీ తట్టదు. 'హాట్ లిప్స్' అన్న ఎగతాళి పేరు పోనుపోను తగ్గి, చివరికి మార్గరెట్ మిగిలింది.

హిచ్‌కాక్ సినిమా 'సైకో'లో హంతకుడు నార్మన్ తల్లి కథ మొదలయ్యేసరికే పోయింది. మనకి దక్కేది ఒక గొంతు, ఒక శవం. 2013లో వచ్చిన 'బేట్స్ మోటెల్' సిరీస్ ఆవిణ్ణి బతికించి, ఆ తల్లీకొడుకుల మీదే ఐదు సీజన్లు నడిపింది. 'కోబ్రా కై' సిరీస్ అయితే 1984 నాటి 'కరాటే కిడ్' సినిమా ఆఖరి పోటీలో తన్ను తిని ఓడిన జానీని 34 ఏళ్ల తర్వాత ముందుకు లాక్కొచ్చింది, అదే నటుడితో. గెలిచినవాడి దగ్గర చెప్పడానికి ఏం మిగిలింది గనక!

నేనూ ఒకప్పుడు ఒక సినిమాని సీరియల్‌గా రాశాను. అందులో విలన్ దగ్గరో గుమాస్తా. సినిమాలో ఫైళ్లు అందించడం తప్ప అతనికి వేరే పని లేదు. అతనికో కూతుర్ని పెట్టాను. ఆ పిల్ల ఫీజు కోసం మొదటిసారి దొంగ లెక్క రాస్తాడు, రాసి పెన్ను జేబులో పెట్టుకోవడం కూడా మర్చిపోతాడు. ఛానెల్ ఆయన రేటింగుల కాగితం ఊపుతూ, "గుమాస్తా గోల ఎవడిక్కావాలి సార్, విలన్ ఎంట్రీ ఏదీ?" అన్నాడు. మర్నాటికి గుమాస్తాకి యాక్సిడెంట్. కూతురి ఊసే లేదు. అలాంటివాళ్లే ఇప్పుడు ప్రతి మీటింగులో 'క్యారెక్టర్ ఆర్క్' అంటున్నారు, అంటే కథతోపాటు పాత్ర మారుతూ రావాలని!

ఇంకో ఫ్యాషన్ ఉంది, దాని జోలికి వెళ్లకు. ప్రతి విలన్‌కీ చిన్నప్పుడు నాన్న కొట్టాడని ఒక ఫ్లాష్‌బ్యాక్. మనిషి మారడం అంటే అది కాదు, అది వకాల్తా. మార్గరెట్ గతం తవ్వితే మారలేదు. ఎదురుగా ఉన్నవాళ్లని ఒక ప్రశ్న అడిగి మారింది.

ఏ ఓటీటీకి పంపాలి, హక్కులు ఎవరి దగ్గర తీసుకోవాలి అని ఏవేవో అడిగావు. అవన్నీ తర్వాత. ముందు మూడో ఎపిసోడ్ మళ్లీ రాయి. ఆ డబ్బు అక్క ఎక్కణ్ణించి తెస్తోంది? ఇంట్లో ఎవరికి ఏం అబద్ధం చెప్తోంది? ఒక్కసారి లేదంటే ఏమవుతుంది? ఫైటు ఉంచుకుంటే ఉంచుకో, నాకేం అభ్యంతరం లేదు.

ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్లు లాగేస్తున్నాయి.