నాయనకు చెప్పని పని

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. నాకు ఇరవై మూడేళ్లు. నాయనకు చిన్న బట్టల అంగడి ఉంది. డిగ్రీ అయ్యాక జర్మన్ భాష నేర్చుకొని, సెప్టెంబరులో జర్మనీ తూర్పు ప్రాంతానికి వచ్చాను. ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో ఏడాది పాటు స్వచ్ఛంద సేవకురాలిగా పనిచేయాలి. గది, తిండి, నెలకు 400 యూరోల చేతిఖర్చు ఇస్తారు. నాయనకు మాత్రం ఆసుపత్రిలో ఉద్యోగ శిక్షణ అని చెప్పాము. అసలు సంగతి అమ్మకు తెలుసు. ఏజెంటుకు, ప్రయాణానికి కలిపి నాయన రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. సెలవు రోజుల్లో తోటి సేవకులతో చూసిన ఊళ్ల ఫొటోలు పెడితే, "దుడ్లు పంపకుండా షికార్లు చేస్తాంది" అని మా అత్త ఆయనతో అన్నదట. పనిలో మనుషులు చాలక రెండుసార్లు సాయంత్రం షిఫ్టులో ఒక అంతస్తు మొత్తాన్ని నా ఒక్కదాని మీద వదిలేశారు, మాత్రలు కూడా నన్నే పంచమన్నారు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, ఊరికే ఏడుపొస్తుంది. ఇంట్లో మా జేజి (నాయనమ్మ) మంచం పట్టి ఉంటే అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. నేనేమో ఇక్కడ పరాయివాళ్లకు స్నానాలు చేయిస్తున్నాను. తిరిగి వచ్చేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో చలికాలపు దిగులు, పనిచోట జరుగుతున్న అన్యాయం, ఇంట్లో చెప్పిన అబద్ధం ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. మొదటి రెండింటికీ విరుగుడు మీరున్న చోటనే దొరుకుతుంది. మూడోదానికి దొరకదు. ఈ స్థితిలో విమానమెక్కితే ప్రొద్దుటూరులో దిగిన రోజే "శిక్షణ మధ్యలో ఎందుకు ఆగిపోయింది" అన్న ప్రశ్న ఎదురవుతుంది, దానికి మరో అబద్ధం వెతుక్కోవలసి వస్తుంది. కనుక రావాలా, ఉండాలా అన్నది నాయనకు నిజం చెప్పిన తర్వాతే నిర్ణయించుకోండి. అంతవరకు టికెట్టు మాట తలపెట్టవద్దు.

నిజం చెప్పడం ఎందుకంత ముఖ్యమో ఆ ఫొటోల గొడవ చూస్తేనే అర్థమవుతుంది. ఆశ్రమంలో ఉన్న వృద్ధుల ఫొటోలు వారి అనుమతి లేకుండా తీయడానికి గాని, బయట పెట్టడానికి గాని అక్కడి చట్టం ఒప్పుకోదు, అది సబబే. అందువల్ల ఉదయం ఆరు గంటలకు మీరు మొదలుపెట్టే పని ఏ ఫొటోలోనూ కనబడదు. డ్రెస్డెన్‌లో ఎల్బా నది ఒడ్డున నిలబడి నవ్విన క్షణం మాత్రం నిమిషంలో ప్రొద్దుటూరు చేరుతుంది. వారంలో ఐదు రోజులు ఏం చేస్తున్నారో తెలియని మనిషికి మిగిలిన రెండు రోజులే మీ జీవితంగా కనబడతాయి. ఉద్యోగమని విని ఉన్నవారు ఆ ఫొటోలో జీతాన్ని వెతుక్కుంటారు. మీ అత్త మాట కటువుగా ఉంది గాని, ఆమెకు తెలిసిన వివరాలను బట్టి చూస్తే అందులో తప్పు లేదు. ఆ ప్రయాణానికి ఎంత ఖర్చయిందో కూడా అక్కడివారికి తెలియదు. జర్మనీ అంతటా లోకల్ రైళ్లలోనూ బస్సుల్లోనూ చెల్లే నెలవారీ పాస్ 2023 మేలో 49 యూరోలకు మొదలై, 2025లో 58 యూరోలుగా ఉండేది. దానితో పని రోజుల్లో షిఫ్టుకు వెళ్లే అమ్మాయి సెలవు రోజున మరో రూపాయి రైలు ఛార్జీ లేకుండా పక్క రాష్ట్రానికి వెళ్లి రావచ్చునని మన ఊళ్లో ఎవరూ ఊహించరు. ప్రయాణాలు మానవద్దు. ఆ వయసులో, ఆ భాష నేర్చుకుంటూ, నాలుగు దేశాల తోటి సేవకులతో కలిసి తిరగడం ఆ ఏడాదిలో భాగమే. వాటికి సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితి మాత్రం తొలగిపోవాలి.

మీ నాయనకు రెండు విషయాలు నొప్పి కలిగిస్తాయి. అబద్ధం చెప్పడం ఒకటి, దానికి క్షమాపణ తప్ప మరో దారి లేదు. "రెండు లక్షలు అప్పు చేసి పంపింది పరాయి ముసలోళ్లకు ఊడిగం చేసేదానికా" అన్న అవమానం రెండోది. మన ప్రాంతంలో ఒకరి మలమూత్రాలు ఎత్తే పనికి కులంతోనూ తాహతుతోనూ ముడి ఉంది, ఆ మాట దాచుకోవడంలో అర్థం లేదు. మీరు ఆ పని చేస్తున్నారంటే నలుగురిలో తలెత్తుకోలేననే భయం ఆయనకు సహజంగానే ఉంటుంది. దానికి ఉపన్యాసం పనికిరాదు, వివరం పనికొస్తుంది. జర్మనీలో (1990 దాకా దాని పశ్చిమ భాగంలో) సైన్యంలో చేరడం ఇష్టం లేని యువకులు 1961 నుంచి 2011 దాకా, అంటే యాభై ఏళ్లు, దానికి బదులుగా ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఇదే పని చేశారు. వారిలో డాక్టర్ల కొడుకులూ ఉన్నారు, రైతుల కొడుకులూ ఉన్నారు. నిర్బంధ సైనిక సేవ ఆగిపోయిన 2011లోనే దాని స్థానంలో సమాఖ్య స్వచ్ఛంద సేవ మొదలైంది. చదువు ముగించిన యువత కోసం స్వచ్ఛంద సామాజిక సేవా సంవత్సరం అనే పద్ధతికి 1964 నుంచే చట్టం ఉంది. మీరు చేరినది వీటిలో ఏదో మీ ఒప్పందపత్రంలో ఉంటుంది. ఆ పత్రాన్ని తెలుగులో చదివి వినిపిస్తే ఆయనకు సగం సందేహాలు తీరుతాయి.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నేనుండే అనంతపురంలోనే ఉంది. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థను స్థాపించిన తర్వాత స్పెయిన్ నుంచి ఎందరో యువతీయువకులు, డాక్టర్లు, నర్సులు వచ్చి కొన్నాళ్లు సేవ చేసి వెళ్లారు. ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రికి మీ బంధువులలో ఒక్కరైనా వెళ్లే ఉంటారు. మన పిల్లలకు కట్టు కట్టిన ఆ స్పెయిన్ అమ్మాయిని మనం పనిమనిషి అనుకోలేదు. ఆమె తల్లిదండ్రులు తలవంచుకొని ఉంటారనీ అనుకోలేదు. ఆమె ఇక్కడ చేసినదే మీరు అక్కడ చేస్తున్నారని చెబితే నాయనకు అందుతుంది. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను.

ఫోన్ చేసే వేళ గురించి కూడా ఆలోచించుకోండి. చలికాలంలో మనకూ వారికీ నాలుగున్నర గంటల తేడా. మీ సాయంత్రం షిఫ్టు రాత్రి ఎనిమిదిన్నరకు ముగిసేసరికి ప్రొద్దుటూరులో ఒంటిగంట అవుతుంది. ఇన్నాళ్లూ మీరు మాట్లాడినవి బహుశా విరామ సమయంలో హడావిడిగా చేసిన ఫోన్లే అయి ఉంటాయి. ఉదయం షిఫ్టు ఉన్న రోజును ఎంచుకోండి. నాయన అంగడి కట్టేసి, తిని, తొమ్మిదిన్నరకు తీరిగ్గా కూర్చుంటే మీకప్పుడు సాయంత్రం ఐదు. వాట్సాప్‌లో రాసి పంపవద్దు. రాసినది మీ అత్త ఫోనుకూ చేరుతుంది, ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. మీ మాటల్లోనే చెప్పండి: "నాయనా, నేను చేస్తాండేది ఉద్యోగం కాదు, ఏడాది సేవ. ముసలోళ్లను చూసుకుంటాండా. జీతం లేదు, చేతిఖర్చు ఇస్తారు. ముందే చెప్పింటే నువ్వు పంపవని భయపడితి." పని గురించి ఇంతకు మించి మొదటి రోజు చెప్పవద్దు. ఆయన అరిచినా, మాట్లాడకుండా ఫోన్ పెట్టేసినా, రెండు రోజులు ఆగి మళ్లీ చేయండి.

అప్పు సంగతి కూడా ఆ రోజే మాట్లాడవలసిందే. నూటికి రెండు రూపాయలంటే రెండు లక్షలకు నెలకు నాలుగు వేలు. యూరో తొంభై రూపాయలు దాటి ఉంది కనుక అది నలభై అయిదు యూరోలలోపే అవుతుంది. తిండి, గది ఆశ్రమమే ఇస్తున్నప్పుడు 400 యూరోలలోంచి ఆ వడ్డీ మొత్తాన్ని నెలనెలా పంపడం సాధ్యమే. అసలు తీరుస్తానని మాట ఇవ్వవద్దు, తీర్చలేరు. వడ్డీ మీరు కడుతున్నారంటే నాయన మీద పడిన బరువు పెరగకుండా ఆగుతుంది, షికార్ల మాటకు జవాబూ దొరుకుతుంది. ఈ జవాబు చదివే ఇతర తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. జర్మనీలో ఇటువంటి సేవా సంవత్సరానికి దరఖాస్తు నేరుగా సంస్థకే పెట్టుకోవచ్చు, ఏజెంటు తప్పనిసరి కాదు. దీర్ఘకాలిక వీసా రుసుము 75 యూరోలు మాత్రమే. ఏజెంటు చేతికి లక్షలు ఇచ్చే ముందు ఆ డబ్బు దేనికో కాగితం మీద రాసివ్వమని అడగండి.

ఇక పనిచోట జరిగినది. దీన్ని సహించవద్దు. స్వచ్ఛంద సేవకులు ఉద్యోగులకు సాయంగా ఉండాలే గాని వారి స్థానాన్ని నింపకూడదన్నది ఆ పద్ధతికి మూలసూత్రం. అర్హత లేనివారు మాత్రలు పంచితే జరిగే ప్రమాదం ఆ వృద్ధులకు, మాట పడేది మీరు. ఇంకోసారి అడిగితే, "నాకు ఆ అర్హత లేదు, చేయలేను" అని జర్మన్‌లో చెప్పడానికి ఆ వాక్యాన్ని ముందే నేర్చుకొని ఉంచుకోండి. మిమ్మల్ని చేర్చుకున్న సంస్థ వేరు, మీరు పనిచేసే ఆశ్రమం వేరు అన్న సంగతి చాలామంది సేవకులు మరచిపోతారు. ఏడాదికి 25 రోజుల శిక్షణ తరగతులు నడిపేది ఆ సంస్థే, మీ కోసం అందులో ఒక బాధ్యురాలు ఉంటుంది. ఆ రెండు సాయంత్రాల తేదీలు, వేళలు, మీతో పాటు ఎవరున్నారో ఎవరు లేరో రాసి ఆమెకు ఈమెయిల్ పంపండి. ఆశ్రమం తీరు మారకపోతే అదే సంస్థ కింద మరో చోటికి మార్చమని అడగవచ్చు. అలా అడగడం మధ్యలో మానేయడం కాదు. నిజంగానే మానేయాలనుకుంటే మాత్రం మీ నివాస అనుమతి ఈ సేవకే ముడిపడి ఉంటుంది కనుక, ముందు సంస్థతో మాట్లాడి, విదేశీయుల కార్యాలయానికి తెలిపి, ఆ తర్వాతే బయలుదేరాలి. ఏడాదికి కనీసం నాలుగు వారాల సెలవు మీ హక్కు. అందులో ఒక్క రోజూ వాడుకోకపోయి ఉంటే ఈ నెలలోనే వాడుకోండి.

ఏడుపు గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మన కడపలో డిసెంబరులోనూ పదకొండు గంటలకు పైగా వెలుతురుంటుంది. మీరున్న చోట ఎనిమిది గంటలైనా ఉండదు, ఉన్నదీ మబ్బు వెలుతురే. ఆ తేడా మనసు మీద పడుతుందన్నది వైద్యులకు బాగా తెలిసిన సంగతి. సెలవు రోజు పగలంతా పడుకోకుండా మధ్యాహ్నం పూట ఒక గంట బయట నడవండి. నిద్ర, ఆకలి తప్పి రెండు వారాలు దాటితే డాక్టరును చూడాలి. మీకు ఆరోగ్య బీమా ఉంటుంది కాబట్టి ఖర్చుకు జంకవద్దు. రాత్రివేళ బతుకు మీద విరక్తి కలిగించే ఆలోచన వస్తే 0800 1110111 అన్న నంబరుకు ఆ దేశంలో ఏ గంటలోనైనా ఉచితంగా, పేరు చెప్పకుండా మాట్లాడవచ్చు.

మీ జేజి విషయంలో మీరు పడుతున్న అపరాధభావానికి నేను ఎక్కువ విలువ ఇస్తున్నాను, ఎందుకంటే దానితో చేయగలిగినది ఉంది. గుటక సరిగా పడని ఒక పెద్దావిడకు నీళ్లు పట్టించే తీరును మీరు ఉత్తరంలో, ఇక్కడ అచ్చువేయని భాగంలో, పావు పేజీ రాశారు: ఊరికే నీళ్లిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయని పొడి కలిపి గంజిలా చిక్కబరచడం, ఆమెను నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త కిందికి వంచమనడం, చెంచా చెంచాకూ గుటక పడిందో లేదో గొంతు దగ్గర చూడటం. పనిని అసహ్యించుకునే మనిషి ఇంత వివరంగా రాయలేదు. మీ అమ్మకు ఇవి ఎవరు నేర్పారు? వారానికి ఒకసారి వీడియో ఫోన్‌లో జేజి మంచం పక్కన అమ్మను నిలబెట్టి నేర్పండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే వీపున పుండ్లు పడే ప్రమాదం తగ్గుతుందని, చంకల కింద చేతులు వేసి లాగితే అటు చర్మమూ ఇటు అమ్మ నడుమూ దెబ్బతింటాయని, కింద పరచిన దుప్పటిని ఇద్దరు పట్టుకొని జరిపితే సులువని, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదని చెప్పండి. దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి నాయనను పిలవమనండి. తన తల్లికి చేస్తున్న సేవలో చేయి వేశాక, మీరు అక్కడ చేస్తున్నదేమిటో ఆయనకు మరొకరు వివరించనక్కరలేదు.

ఆ దేశంలో 2020 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం నర్సింగ్‌లో మూడేళ్ల శిక్షణ ఉంది, మొదటి నెల నుంచే జీతంతో. సేవా సంవత్సరం ముగించినవారిలో కొందరు అందులో చేరతారు. మీకు ఇష్టం కలిగితే ఏప్రిల్ తర్వాత ఆలోచించుకోండి. ఇప్పుడు మాత్రం దానిని నాయన కోపం చల్లార్చే తాయిలంగా చూపవద్దు. మళ్లీ ఇంకొక ఉద్యోగం మాట ఆయన చెవిన వేసినట్టవుతుంది.

నాయనకు ఫోన్ చేయడానికి ఒక రోజు ముందు అమ్మతో మాట్లాడటం మరచిపోవద్దు. ఈ దాపరికంలో ఆమె కూడా ఉన్నారు. మీరు ఫోన్ పెట్టేసిన తర్వాత ఆ రాత్రంతా అదే ఇంట్లో ఆయనకు ఎదురుపడి ఉండవలసింది ఆమే. దాచమని అడిగింది మీరేనని నాయనతో మీ నోటితోనే చెప్పండి, మీ అమ్మ చేత చెప్పించవద్దు. ఆమె ఇంకా సిద్ధంగా లేనంటే ఒక వారం ఆగండి, అంతకు మించి ఆగవద్దు.