లేచాక పడిన జాక్‌పాట్

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు లాస్ వేగస్ చూశాం. మావారు ఒకే స్లాట్ మెషీన్ (బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే జూదపు యంత్రం) ముందు గంటకు పైగా కూర్చుని, ఉన్నదంతా పోగొట్టుకుని లేచారు. ఆ కుర్చీలోకి వచ్చిన ఇంకొకాయనకు కాసేపటికే జాక్‌పాట్ పడింది. "ఇంకో నాలుగుసార్లు నొక్కి ఉంటే అది మనదే" అని ఈయన ఇప్పటికీ నిట్టూరుస్తున్నారు. మళ్లీ వెళ్లబోతున్నాం. నిజంగా మాదేనంటారా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: కాదమ్మా. మెషీన్ నిండటం, నిండాక ఇవ్వడం అంటూ ఏమీ లేదు. ఎవరూ ఆడకపోయినా లోపలి చిప్ యాదృచ్ఛిక సంఖ్యలను ఎడతెగకుండా తీస్తూనే ఉంటుంది. బటన్ నొక్కిన క్షణాన ఏ సంఖ్య ఉందో అదే ఫలితం. బొమ్మలు గిరగిరా తిరగడం ఆ తర్వాతి తతంగం. మీవారు లేవకుండా కూర్చున్నా, ఆయన వేలు సరిగ్గా ఆ క్షణానే పడాలి కదా! అంతకుముందు ఆయన పోసిన డబ్బు దానికి గుర్తుండదు.

"ఒక్క గడిలో తప్పిపోయింది" అని కూడా అనే ఉంటారు. అసలు కిటుకు అక్కడుంది. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే చేసిన లిబర్టీ బెల్ యంత్రంలో కంటికి కనిపించే చక్రాలే లెక్క. 1984లో ఇంగె టెల్నేస్ పేటెంట్ పొందిన పద్ధతితో ఆ లెక్క కంప్యూటర్ లోపలికి పోయింది. పైకి ఒక్కో చక్రానికి 22 గడులు, వాటిలో జాక్‌పాట్ బొమ్మ ఒకటి అనుకోండి. మూడు చక్రాలకు 10,648లో ఒక అవకాశం ఉందనిపిస్తుంది. లోపల చక్రానికి 64 గడులు పెడితే అది 2,62,144లో ఒకటి! పైగా ఆ అదనపు గడుల్లో ఎక్కువ వాటిని జాక్‌పాట్ బొమ్మ పక్కనున్న ఖాళీలకు కేటాయించవచ్చు. కొద్దిలో తప్పినట్టు అన్నిసార్లు కనిపించేది అందుకే. సంభావ్యత పాఠాలు చెప్పి బతికినవాణ్ని కనుక ఆ తెలివిని మెచ్చుకుంటాను. ఒళ్లు మండుతుంది కూడా.

సెంటు మెషీన్ అని రాసి ఉన్నా ఒక్క సెంటుతో ఆట సాగదు. బొమ్మలు వరుసపడాల్సిన గీతలు తెరమీద చాలా ఉంటాయి, వాటన్నింటి మీదా పందెం కడితే ఒక్క నొక్కుకు అరడాలరు దాకా అవుతుంది. అందులో ఇరవై సెంట్లు తిరిగొచ్చినా దీపాలు వెలుగుతాయి, పాట మోగుతుంది. పోయింది ముప్పై సెంట్లు, మోగింది మంగళవాయిద్యం! నిమిషానికి పదిసార్లు నొక్కితే గంటకు 300 డాలర్ల పందెం. నూటికి 90 తిరిగిచ్చే మెషీన్ మీదైనా సగటున 30 డాలర్లు పోతాయి. లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్ర నిబంధనల ప్రకారం మెషీన్ నూటికి 75 తిరిగిచ్చేలా ఉంటే చాలు.

సరదా పడితే ఆడనివ్వండి. పోయినా బాధలేదనుకునే మొత్తాన్ని నోట్లుగా ఆయన చేతికిచ్చి, కార్డులు హోటల్ గదిలోనే ఉంచండి. ఫోనులో గంటకు అలారం పెట్టండి. మిగిలిన డబ్బుకు మెషీన్ కాగితం టికెట్ ఇస్తుంది. ఆయన దాన్ని పక్క మెషీన్‌లో దూర్చకముందే మీ సంచిలో వేసుకోండి. పోయినది రాబట్టాలని ఏటీఎం వైపు నడిస్తే మాత్రం అక్కడితో ఆపించండి. ఇంటికొచ్చాక కూడా అదే ధ్యాసలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.