సింకు నీళ్లు దిగట్లేదు, యాసిడ్ పోయమంటారా?

ప్రశ్న: మాది రాజమండ్రిలో మా మామగారు 1974లో కట్టిన ఇల్లు. సింకు కింద నుంచి గోడలోకి వెళ్లేది ఇప్పటికీ అప్పటి జీఐ పైపే, అదే జింకు పూత వేసిన ఇనప పైపు. నెలకోసారి జామ్ అవుతోంది. నిన్న రాత్రి కొట్టులో దొరికే డ్రెయిన్ పొడి వేశాను, నీళ్లు అలాగే నిలబడి ఉన్నాయి. పక్కింటావిడ బాత్రూమ్ యాసిడ్ పొయ్యమంటోంది, పొయ్యమంటారా అన్నయ్యగారూ?

జవాబు: వద్దమ్మా, అస్సలు పొయ్యకండి. మీరు వేసిన పొడిలో ఉండేది ఎక్కువగా కాస్టిక్ సోడా, అది ఇంకా ఆ నీళ్లలోనే ఉంది, దానిమీద యాసిడ్ పడిందంటే ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదకి చిమ్ముతుంది. పైగా యాసిడ్ తుప్పుని తిని అక్కడితో ఆగదు కదా, ఇనుముని కూడా తింటుంది, యాభై ఏళ్ల పైపులో ఇంక మిగిలిందే ఎంత.

అసలు సంగతేంటంటే జీఐ పైపుకి లోపలున్న జింకు పూత పోయాక తుప్పు పొరలు పొరలుగా పెరిగి దారి సన్నబడిపోతుంది, బయటికి ఒకటిన్నర అంగుళం పైపే కానీ లోపల చిటికెన వేలు కూడా దూరకపోవచ్చు. ఆ గరుకుకి దోసెల పిండి, చింతపండు పిప్పి, నూనె జిడ్డు పట్టుకుంటాయి. పొడి జిడ్డుని కరిగిస్తుందేమో గానీ తుప్పుని ఏం చెయ్యలేదు, అందుకే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తోంది. ఇంక వంటసోడా, వెనిగర్ వీడియోలంటారా, నురగ చూడ్డానికి బావుంటుంది అంతే.

ముందు బాత్రూమ్ నీళ్లు పోతున్నాయో లేదో చూడండి. అవి కూడా ఆగితే తప్పు బయట మురుగునీళ్లు చేరే ఛాంబర్లో ఉంది, సింకు జోలికి పోనక్కర్లేదు. సింకు ఒక్కటే అయితే రబ్బరు గ్లవ్స్, కళ్లజోడు పెట్టుకుని పాత ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు తోడెయ్యండి, అల్యూమినియం గిన్నె మాత్రం వాడొద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. ప్లంజర్ (రబ్బరు కప్పు ఉన్న కర్ర) కూడా ఇప్పుడు కొట్టొద్దు, ఆ నీళ్లే మీద పడతాయి.

తర్వాత కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టి జాయింటు విప్పించాలి. ఇక్కడే చాలామంది పైపు విరగ్గొట్టేది. రెండు రెంచీలు ఉండాలి, ఒకటి గోడవైపు పైపుని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టు తిప్పడానికి, ఒక్క రెంచీతో తిప్పితే ఆ బలమంతా గోడలో పైపు బిగించిన మర చుట్ల మీదకి వెళ్లి అక్కడ పుటుక్కుమంటుంది, అప్పుడిక గోడ పగలగొట్టాల్సిందే. బిగుసుకుపోయుంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, కొబ్బరినూనె రాసి లాభం లేదు.

విప్పాక పది పదిహేను అడుగుల స్ప్రింగు వైరు తిప్పుతూ మెల్లగా తొయ్యాలి. మా బాబాయి వాళ్లింట్లో ఇనప ఊచతో పొడిచారు, నీళ్లు భేషుగ్గా దిగాయి, వారానికి హాల్లో గోడ చెమ్మెక్కింది, గోడలో పైపు మలుపు దగ్గరుండే ఎల్బోకి చిల్లు పడిందన్నమాట! స్ప్రింగుతో పాటు జిడ్డే వస్తే సరే, ఎర్రటి పెచ్చులు రాలుతున్నాయంటే మాత్రం డబ్బు దండగ చేసుకోకుండా ఆ ముక్క తీసేసి పీవీసీ వేయించెయ్యండి, నాలుగడుగులకి ఓ అంగుళం వాలు ఉండేలా చూడండి, మరీ ఎక్కువ మలుపులు పెట్టనివ్వకండి.

ప్లంబర్ రాగానే మాత్రం మొదటి మాట నిన్న పొడి వేశామనే చెప్పండి, లేకపోతే పాపం ఆయన ఉత్తి చేతులతో విప్పుతాడు.