రీడింగ్ పడిపోతే ముందు పంపు జోలికి పోకు

తమ్ముడూ,

కొత్త క్లోరిన్ సెన్సర్ బిగించానని, కానీ డీపీడీ టెస్టుకీ (మందు కలిపితే వచ్చే గులాబీ రంగుని బట్టి క్లోరిన్ కొలిచేది) దానికీ 0.3 పీపీఎం తేడా వస్తోందని రాశావు. ఆ తేడా సంగతి చివర్లో చెబుతాను. అంతకంటే ముందు చూసుకోవాల్సింది శాంపిల్ లైను, అంటే సెన్సర్ దగ్గరికి నీళ్ళు తెచ్చే పైపు.

మెంబ్రేన్ (మూతికి పలచటి పొర) ఉన్న సెన్సర్ తన ముందుకొచ్చిన క్లోరిన్‌ని ఖర్చుపెడుతూ కొలుస్తుంది. నీళ్ళు కదలకపోతే ఆ కాస్త క్లోరిన్ అయిపోయి రీడింగ్ కిందికి జారుతుంది. నీళ్ళలో క్లోరిన్ మాత్రం ఉన్నంతా ఉంటుంది. ఈ ముక్క నాకు తెలిసేసరికి ఒక రాత్రి గడిచిపోయింది. శాంపిల్ లైనులో ఫిల్టర్ మూసుకుపోయింది, రీడింగ్ 0.1కి పడింది, కంట్రోలర్ దాన్ని నమ్మి, క్లోరిన్ కలిపే డోసింగ్ పంపుని ఫుల్లుగా నడిపింది. పొద్దున నేను డీపీడీ వేశాను. గులాబీ రంగు అలా మెరిసి, చూస్తుండగానే పోయింది. క్లోరిన్ లేదనుకుని పంపు ఇంకా పెంచాను! క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే తినేస్తుందని అప్పటికి తెలియదు. అనుమానమొచ్చి ఒక వంతు శాంపిల్‌లో తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి చూస్తే ముదురు గులాబీ. నా గుండె జారిపోయింది.

అందుకే ఫ్లో స్విచ్ పెట్టి, శాంపిల్ ప్రవాహం ఆగితే డోసింగ్ కూడా ఆగేలా కట్టు. ఎంత ప్రవాహం కావాలో మాన్యువల్‌లో చూడు, చాలా మోడళ్ళకి గంటకి 30 లీటర్లకి తక్కువ కాకూడదు. శాంపిల్ లైను పొట్టిగా ఉండాలి, లేదంటే డోస్ మారిన కబురు సెన్సర్‌కి ఆలస్యంగా అంది పంపు ఊగిసలాడుతుంది. ఫ్లో సెల్‌లోకి (సెన్సర్ కూర్చునే గిన్నెలోకి) నీళ్ళు కింది నుంచి పైకి పోతే మెంబ్రేన్ మీద గాలి బుడగలు నిలవవు.

మెంబ్రేన్ క్యాప్ మార్చేటప్పుడు తొందరపడకు. అందులో ఎలక్ట్రోలైట్ (సెన్సర్ లోపల ఉండే ద్రవం) నింపి మెల్లగా తిప్పు, ఎక్కువైంది పక్కనుంచి కారిపోనీ. గబగబా బిగిస్తే మెంబ్రేన్ ఉబ్బుతుంది, దాంతో ఆ క్యాప్ పని అయిపోయినట్టే. లోపల బుడగ ఉందా అని వెలుతురులో పెట్టి చూడు. మెంబ్రేన్‌ని వేలితో రుద్దొద్దు, సబ్బు అసలే వద్దు. క్యాప్ మార్చిన వెంటనే క్యాలిబ్రేషన్ (టెస్టు విలువతో సెన్సర్ రీడింగ్‌ని సరిచేయడం) కూడా చేయకు. కొన్ని గంటలు కుదురుకోనివ్వాలి, వీలైతే రాత్రంతా వదిలెయ్.

క్యాలిబ్రేషన్‌కి శాంపిల్ ఎక్కడి నుంచో కాదు, ఫ్లో సెల్ దాటి వచ్చే నీళ్ళనే పట్టు. పట్టిన క్షణంలో కంట్రోలర్ ఏం చూపిస్తోందో రాసుకుని వెంటనే టెస్ట్ చెయ్. బీకరు ఎండలో పెట్టి టీ తాగొచ్చేసరికి క్లోరిన్ తగ్గిపోతుంది. స్లోప్ (క్లోరిన్‌కి సెన్సర్ ఎంత గట్టిగా స్పందిస్తోందో చెప్పే అంకె) ఎంత వచ్చిందో ప్రతిసారీ పుస్తకంలో రాయి. అది వారం వారం తగ్గుతూ పోతోందంటే ముందుగా అనుమానించాల్సింది మెంబ్రేన్‌నే. క్లోరిన్ లేని నీళ్ళలో సెన్సర్‌ని వారాల తరబడి వదిలేసినా దాని మీద జిగురు పట్టి మొద్దుబారుతుంది.

ఇక నీ 0.3 సంగతి. నీళ్ళలో ఫ్రీ క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది: హైపోక్లోరస్ యాసిడ్, హైపోక్లోరైట్. చాలా సెన్సర్లు హైపోక్లోరస్ యాసిడ్‌నే ఎక్కువగా పసిగడతాయి. పీహెచ్ 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో అది సుమారు సగం. 8.5కి పోతే పదో వంతు మిగులుతుంది. డీపీడీ మాత్రం రెండు రూపాలనీ కలిపి చూపిస్తుంది. క్యాలిబ్రేషన్ నాటి పీహెచ్‌కీ ఇవాళ్టికీ తేడా ఉంటే రెండూ కలవవు, సెన్సర్‌ని తిట్టి లాభం లేదు. పీహెచ్ సవరణ మీ కంట్రోలర్‌లో ఉందో లేదో, ఉంటే ఆన్‌లో ఉందో లేదో చూడు.

నువ్వు పంపిన రీడింగుల్లో పీహెచ్ రాసే గడే లేదు. వారం రోజుల పీహెచ్ ఆ రీడింగుల పక్కన రాసి పంపు, అప్పటిదాకా మళ్ళీ క్యాలిబ్రేట్ చేయకు.

ఇట్లు,
మీ అన్నయ్య